యాంటీసెన్స్ ఇచ్చాక ప్రోటీన్ తగ్గింది, ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గలేదు: ప్రయోగం పోయినట్టేనా?

ప్రశ్న: జీబ్రాచేప పిండాల్లో ఒక జన్యువును అణచడానికి యాంటీసెన్స్ మార్ఫోలినో (జన్యువు నకలైన ఎంఆర్‌ఎన్‌ఏకు జతగా అతుక్కునే కృత్రిమ చిన్న పోగు) ఇంజెక్ట్ చేశాను. వెస్టర్న్ బ్లాట్‌లో ఆ ప్రోటీన్ బ్యాండ్ బాగా పలచబడింది. క్యూపీసీఆర్‌లో మాత్రం ఎంఆర్‌ఎన్‌ఏ కంట్రోల్‌తో సమానంగానే ఉంది. యాంటీసెన్స్ అతుక్కుంటే ఎంఆర్‌ఎన్‌ఏ ముక్కలవుతుందనే కదా చదువుకున్నాం? గైడ్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉందండి.

జవాబు: కంగారు పడకండి, ఇలాగే రావాలి. ముక్కలవడం యాంటీసెన్స్ డీఎన్‌ఏ విషయంలో మాట. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ జతకడితే ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ అనే ఎంజైమ్ వచ్చి అందులో ఆర్‌ఎన్‌ఏను మాత్రమే కోస్తుంది. డీఎన్‌ఏ పోగు చెక్కుచెదరకుండా విడిపడి ఇంకో ఎంఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. మార్ఫోలినోలో చక్కెర ఉండాల్సిన చోట మార్ఫోలిన్ వలయం ఉంటుంది కాబట్టి ఆ ఎంజైమ్ దాని జోలికి రాదు. అది ఏయూజీ (ప్రోటీన్ తయారీ మొదలయ్యే చోటు) దగ్గర అతుక్కుని, ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌ను ముందుకు పోనివ్వదు, అంతే. మీకు కావాల్సిన రుజువు వెస్టర్న్‌లోనే ఉంది.

మీది ఎక్సాన్-ఇంట్రాన్ సరిహద్దుకు డిజైన్ చేసినదైతే లెక్క వేరు. స్ప్లైసింగ్ (ఇంట్రాన్ ముక్కలను తీసేసి ఎక్సాన్ ముక్కలను కలపడం) మారుతుంది కనుక ఆర్‌టీ-పీసీఆర్ చేసి జెల్‌లో బ్యాండ్ సైజు చూడాలి.

ప్రశ్న: ఏయూజీకేనండి. కణం సొంతంగా తయారుచేసుకునే యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏ కూడా ఇలాగే అడ్డుపడుతుందా?

మరొకరి జవాబు: ఈ.కోలై బ్యాక్టీరియాలో మిక్‌ఎఫ్ చూడండి, 1984లో బయటపడింది. 93 న్యూక్లియోటైడ్ల చిన్న ఆర్‌ఎన్‌ఏ. ఓఎంపీఎఫ్ అనే బయటి పొర ప్రోటీన్ ఎంఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోమ్ కూర్చునే చోటును కప్పేస్తుంది. పైగా ఆ ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా నశిస్తుంది కూడా.

అది సరే, కంట్రోల్ ఏం వాడారు? సెన్స్ పోగు (ఎంఆర్‌ఎన్‌ఏ వరుసే ఉన్నది) ఒక్కటీ పెట్టి ఊరుకుంటే నేనైతే ఒప్పుకోను. 1995లో సీ.ఎలిగాన్స్ పురుగుల్లో కంట్రోల్‌గా ఇచ్చిన సెన్స్ ఆర్‌ఎన్‌ఏ కూడా జన్యువును అణచేసింది! అసలు పని చేసేది రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ అని 1998లో ఫైర్, మెల్లో బృందం తేల్చాకే ఆ చిక్కు విడింది. మార్ఫోలినోతో ఆ గొడవ లేదు గానీ, దానికీ పక్కదారులున్నాయి: కొన్ని పీ53 అనే, కణం చావును నడిపే ప్రోటీన్‌ను రేపి కణాలను చంపేస్తాయి, అది జన్యువు ప్రభావమే అనుకుని మోసపోతాం. అదే ఎంఆర్‌ఎన్‌ఏలో వేరే చోటుకు అతికే రెండో మార్ఫోలినోతోనూ అదే లక్షణం రావాలి. తర్వాత రెస్క్యూ చేయండి, అంటే ఆ జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏను బయటి నుంచి ఇచ్చి లక్షణం పోతుందేమో చూడండి. రెస్క్యూకి ఇచ్చే ఎంఆర్‌ఎన్‌ఏలో మీ మార్ఫోలినో అతికే వరుస లేకుండా చూసుకోండి, లేకపోతే దాన్నీ పట్టేస్తుంది.