జలగా, నత్తా? గుల్ల లేదు, వీపు మీద గీత ఉంది

పెరటితోట:
వానలు పట్టిన దగ్గర్నుంచీ మా తోటకూర మడిలో రాత్రిళ్ళు నల్లటి జీవొకటి తిరుగుతోంది. చూపుడువేలంత పొడుగు. వీపు మధ్యలో తల నుంచి చివరిదాకా లేత గీత. తల దగ్గర కొమ్ములున్నాయి. పుల్లతో తాకితే తడిసిన తోలుచెప్పులా గట్టిగా ఉంది. అత్తయ్యగారు జలగంటూ ఉప్పు డబ్బా తెచ్చారు, నేనే ఆపాను. గుల్ల లేని నత్తలకి మెడ దగ్గర కుడివైపు ఊపిరి రంధ్రం ఉంటుందని చదివాను. టార్చి వేసి వెతికినా కనబడలేదు. ఇంతకీ ఏమిటిది?

గోదారి గట్టు:
ఏదైతేనేం, ఉప్పు చల్లేయండి.

పాత జువాలజీ మాస్టారు:
చల్లొద్దమ్మా, మడి మట్టి పాడవుతుంది. కొమ్ములున్నాయంటే జలగ కాదు. జలగకి రెండు కొసలా చూషకాలు (అతుక్కునే గిన్నెల్లాంటివి) ఉంటాయి, కొమ్ములుండవు. ఇది నత్త జాతే. అయితే దీని గుట్టంతా పొట్ట కింద ఉంది. గాజు సీసాలో వేసి అడుగు నుంచి చూడు.

పెరటితోట:
హార్లిక్స్ సీసాలో వేశాను మాస్టారూ. అడుగున మధ్యలో సన్న రిబ్బనులాంటిది అలలుగా కదులుతోంది. దానికి అటూ ఇటూ ఉన్న భాగం కదలట్లేదు. కింది కొమ్ముల కొసలు రెండుగా చీలి ఉన్నాయి!

పాత జువాలజీ మాస్టారు:
చీలిక చూశావా, సగం పని అయిపోయింది. ఆ రిబ్బనే పాదం. 7-8 సెం.మీ. జీవికి పాదం వెడల్పు 4-5 మి.మీ. మాత్రమే. పక్కనున్నది వీపు తోలే, దుప్పటి అంచు పరుపు కిందికి దోపినట్టు మడుచుకుంది. దాన్ని హైపోనోటం అంటారు. నువ్వు వెతికిన రంధ్రం మెడ దగ్గర ఉండదు. మలద్వారం, ఊపిరి దారి రెండూ వెనక కొసన, పాదం చివర ఉంటాయి. ఆడ, మగ రెండూ ఒకే జీవిలో ఉన్నా ద్వారాలు వేరు: మగది ముందు కుడి కొమ్ము కింద, ఆడది కుడివైపు హైపోనోటం మీద దాదాపు నడిమధ్య. పై కొమ్ముల కొసల్లో కళ్ళుంటాయి. మామూలు నత్త కొమ్ము మేజోడు తిరగేసినట్టు లోపలికి పోతుంది. దీనిది కుంచించుకుంటుందంతే.

గోదారి గట్టు:
గుల్ల లోపలేమైనా దాగి ఉంటుందా?

పాత జువాలజీ మాస్టారు:
లైమాక్స్ అనే గుల్ల లేని నత్త లాంటి వాటికి తోలు కింద చిన్న పలక మిగిలి ఉంటుంది తమ్ముడూ. దీనికి అదీ లేదు. గుల్ల పోగొట్టుకున్నవన్నీ ఒకే వంశం అనుకుంటే పొరపాటు. నత్తల్లో వేర్వేరు శాఖలు విడివిడిగా గుల్ల వదిలేశాయి. లైమాక్స్ స్టైలొమ్మటొఫోరా అనే నేల నత్తల పెద్ద గుంపులోకి వస్తుంది. ఇది వెరోనిసెల్లిడే కుటుంబం, మడ అడవుల బురదలో పాకే ఆన్కిడియంకి దాయాది.

జాతి పేరు తేల్చాలంటే మాత్రం కోసి మగ జననాంగం చూడాలి, బయటి రంగు నమ్మకూడదు. మేం ల్యాబులో పైలాని (మంచినీటి గుల్ల నత్తని) కోసినంత తేలిక కాదు, తోలు బ్లేడుకి లొంగదు! అయినా నల్ల వీపు, లేత గీత, ఇంత సన్న పాదం కలిశాయంటే లేవికాలిస్ ఆల్టే అనే అంటాను. 1822లో ఫెరుసాక్ పేరు పెట్టాడు. పుట్టిల్లు ఆఫ్రికా.

పెరటితోట:
ఇవాళ కుండీ ఎత్తితే అడుగున మట్టి పూసుకున్న పూసల దండలాంటిది ఉంది. ఇదీ దానిదేనా?

పాత జువాలజీ మాస్టారు:
గుడ్లే. జిగురు దారంతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మొక్కలు కావాలంటే తీసెయ్, చేత్తో మాత్రం వద్దు. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగు పిల్లలు ఈ నత్తల్లో పెరుగుతాయి, మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి. ఆ మడిలో తోటకూర బాగా కడిగి, ఉడికించే తినండి. సీసాని మళ్ళీ వంటింట్లోకి తేకు.