ఆఫీసులో నాన్‌బైనరీ వాళ్ల ఒత్తిడి: కౌన్సెలింగ్ కంటే ముందు ఏం సరిచేయాలి?

గోధుమరంగు: నాన్‌బైనరీ అంటే ఆడ, మగ అనే రెండు గడుల్లో ఇమడనివాళ్లం. ఒత్తిడి అనగానే "కౌన్సెలింగ్‌కి వెళ్లు" అంటారు. వెళ్లొచ్చాక సోమవారం మళ్లీ అదే ఆఫీసు కదా. అక్కడ ఏవి మార్చొచ్చో తెలిసినవాళ్లు రాయండి. సొంత కథలు వద్దు.

రెండోషిఫ్ట్: ముందు నీళ్ల సంగతి చూడండి. బాత్రూమ్ దగ్గర ఎవరేమంటారోనని 9 గంటల షిఫ్టంతా నీళ్లు తాగకుండా నెట్టుకొచ్చేవాళ్లున్నారు. సాయంత్రానికి తలనొప్పి, మూత్రంలో మంట. దాన్ని టెన్షన్ ఖాతాలో వేసి మాత్రలు మింగితే తగ్గదు. వీల్‌చైర్ గుర్తున్న టాయిలెట్ మామూలుగా ఒక్కరే వాడేది. ఏ అంతస్తులో ఉంది, తాళం ఎవరి దగ్గరుంది అని ఫెసిలిటీస్‌కి మెయిల్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు. చాలాచోట్ల అందులో చీపుళ్లు, బకెట్లు పెట్టి తాళం వేస్తారు. మెయిల్ వెళ్తేనే తీస్తారు.

గోరుచిక్కుడు: మాట దగ్గర తెలుగు మనకి మేలే. "వచ్చాను", "చేశాను" అంటే మాట్లాడేది ఎవరో తేలదు. మన గురించి ఇంకొకరు చెప్పేటప్పుడే చిక్కు: "తను" అని మొదలెట్టి "చెప్పాడు", "చెప్పింది" దగ్గర దొరికిపోతారు. "తను చెప్పారు" అనమనండి, పేరు పక్కన "గారు" పెట్టమనండి. ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. హైదరాబాద్ మీటింగుల్లో హిందీలోకి దిగితే మాత్రం "వచ్చాను" అనడానికి మగవాళ్లలా "ఆయా" అనాలా, ఆడవాళ్లలా "ఆయీ" అనాలా అని నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోవాలి. "హమ్ ఆయే" అని తప్పించుకునేవాళ్లున్నారు. రోజుకి యాభైసార్లు ఇలా వాక్యం ముందే కట్టుకుంటే బుర్ర అలిసిపోదా మరి.

పీఎఫ్‌పురాణం: పేరు మార్పులో తొందరపడొద్దు. మెయిల్, చాట్, బ్యాడ్జి మీద కనిపించే పేరు హెచ్‌ఆర్ వేరుగా పెట్టగలదు, అది ముందు అడగండి. జీతం వైపు ఆధార్ ముందు, తర్వాత పాన్, బ్యాంకు, చివర పీఎఫ్. మధ్యలో ఒక్కటి మారి మిగతావి మారకపోతే యూఏఎన్‌లో (పీఎఫ్ ఖాతా నంబరు) పేరో జెండరో ఆధార్‌తో కలవక క్లెయిమ్ ఆగుతుంది. అప్పుడు యూఏఎన్ వివరాలు సరిచేయించుకోవాలి, కొందరికి కంపెనీతో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాల్సి వస్తుంది. పాన్‌లో ట్రాన్స్‌జెండర్ గడి 2018 నుంచీ ఉంది.

గోధుమరంగు: వేధిస్తే ఐసీకే (ఆఫీసులోని అంతర్గత ఫిర్యాదుల కమిటీ) వెళ్లాలా?

పీఎఫ్‌పురాణం: పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఐసీ ఉన్నది స్త్రీల ఫిర్యాదుకి. 2019లో ట్రాన్స్‌జెండర్ చట్టం చేసినప్పుడు దాని నిర్వచనంలో జెండర్‌క్వీర్ అనే మాట, అంటే మనలాంటివాళ్లు, ఉండేది. ఆ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. 2020 నియమాల్లో విచారణకి 15 రోజులు, నివేదిక అందాక చర్యకి ఇంకో 15 రోజులు గడువు. "మన ఫిర్యాదుల అధికారి ఎవరు?" అని ఒక్క లైను మెయిల్ చేయండి. జవాబు రాకపోతే అదీ దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వేపచెట్టు: డాక్టర్ దగ్గరికెళ్లే ముందు రెండు వారాలు రాసుకోండి: ఎన్ని గంటలు నిద్ర, ఏ పూట తిండి మానేశారు, ఏ మాట ఏ టైముకి తగిలింది. "బాగుండట్లేదు" అంటే ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపేస్తారు. "మారిపోవడానికి" వైద్యం చేస్తానంటే లేచి వచ్చేయండి. కన్వర్షన్ థెరపీని 2022లో జాతీయ వైద్య కమిషన్ వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. సెలవు సర్టిఫికెట్‌లో విశ్రాంతి ఎన్ని రోజులో ఉంటే చాలు, గుర్తింపు సంగతి రాయొద్దని ముందే చెప్పండి. కంపెనీ కౌన్సెలర్‌ని మొదటి సెషన్‌కి ముందే అడగండి, హెచ్‌ఆర్‌కి ఏం వెళ్తుందని. రాత్రి తట్టుకోలేకపోతే 14416, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

రెండోషిఫ్ట్: నైట్ క్యాబ్ మర్చిపోయాం. ఎస్కార్టు ఇచ్చేది, చివరి డ్రాప్ పడకుండా చూసేది రోస్టర్‌లో "ఎఫ్" అని ఉన్నవాళ్లకే. రికార్డులో జెండర్ మార్పించుకుంటే ఆ రోజే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి విడిగా రాయండి, లేదంటే ఎస్కార్టు దానంతటదే పోతుంది.