కోటా ముందే అన్ని రీజియన్లలో పెంచి పెట్టుకోవాలా, పనిపడ్డప్పుడు అడగాలా?

రాత్రిడ్యూటీ:

ఈ విషయం మీద మా టీమ్ రెండు వర్గాలైపోయింది. బయటివాళ్ల మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా.

మా సర్వీసులన్నీ క్లౌడ్‌లో ఒక రీజియన్‌లో (ఒక ప్రాంతంలోని డేటాసెంటర్ల గుంపులో) నడుస్తాయి, ఇంకో రీజియన్‌ని డీఆర్ (డిజాస్టర్ రికవరీ, మెయిన్ పడిపోతే అక్కడికి మారడం) కోసం ఉంచుకున్నాం. మెయిన్ రీజియన్‌లో వీసీపీయూ (వర్చువల్ ప్రాసెసర్) కోటా, అంటే క్లౌడ్ కంపెనీ మాకు పెట్టిన లిమిట్, ఎప్పుడో పెంచుకున్నాం, వాడకం డాష్‌బోర్డులో కనిపిస్తూనే ఉంటుంది. డీఆర్ వైపు మాత్రం ఎవరూ తొంగి చూడలేదు, అంతా డీఫాల్టే. కోటాకి ఎలాగూ డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ఉన్న ప్రతి రీజియన్‌లోనూ అంతే లిమిట్ అడిగి పెట్టేద్దామని ఒక వర్గం అంటోంది. వాడని చోట లిమిట్ పెంచితే ఎవడైనా మా యాక్సెస్ కీ (అకౌంట్‌లోకి వెళ్లే రహస్య కోడ్) కొట్టేసిన రోజు కొంప మునుగుతుందని, అవసరం వచ్చినప్పుడు పెంచమని సపోర్ట్‌కి టికెట్ వేసుకోవచ్చని రెండో వర్గం.

మీరైతే ఏం చేస్తారు? ఎక్కువగా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), కొంచెం అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) వాడతాం.

లాగులపిచ్చి:

అవసరం వచ్చినప్పుడు టికెట్ వేద్దాం అనేవాళ్లకి 2021 డిసెంబరు 7 గుర్తు చేయండి. ఆ రోజు ఏడబ్ల్యూఎస్ నార్త్ వర్జీనియా రీజియన్ దెబ్బతింటే, సపోర్ట్ కేసులు తీసుకునే వ్యవస్థ కూడా దాంతోపాటే కూలబడింది. వాళ్ల కాలమానంలో ఉదయం 7.33 నుంచి మధ్యాహ్నం 2.25 దాకా కేసులు వేయడానికి ఇబ్బంది అయిందని వాళ్లే రాసుకున్నారు. సరిగ్గా ఏ రోజు పక్క రీజియన్‌కి పరుగెత్తాలో, ఆ రోజే అడగడానికి దారి లేదన్నమాట.

ఇంకోటి. ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ అద్దెకిచ్చే వర్చువల్ మెషీన్లు) కోటాని వాడకం చూసి ఏడబ్ల్యూఎస్ వాళ్లే కొంత పెంచుకుంటూ పోతారు, అదీ రీజియన్‌ వారీగా. మీరు వాడే చోట తెలియకుండానే పెరుగుతుంది, డీఆర్‌లో వాడకమే లేదు కాబట్టి అక్కడే ఉండిపోతుంది. స్టాండర్డ్ ఫ్యామిలీలకి (మామూలు మెషీన్ రకాలకి) వాళ్లు ప్రకటించిన డీఫాల్ట్ 5 వీసీపీయూలు. మీ అకౌంట్‌లో అదే ఉంటే 8 వీసీపీయూల మెషీన్ ఒక్కటి కూడా లేవదు. ముందు ఆ నంబర్ చూసి, తర్వాత వాదించుకోండి.

ఖర్చులక్క:

ముందే అడగడం మీద నాకేం పేచీ లేదు. "ప్రతి రీజియన్" అన్న మాట మీదే పేచీ.

కోటా ఉచితమే, దాని కింద లేచే మెషీన్లు కాదుగా. దొంగిలించిన కీతో కాయిన్ మైనింగ్ చేసేవాడు మీరు రోజూ చూసే రీజియన్‌లో దిగడు. మీ కన్సోల్‌లో ఎప్పుడూ తెరవని మూలకి వెళ్తాడు. అక్కడ లిమిట్ 5 ఉంటే చిల్లర నష్టంతో పోతుంది. మీరే 500 చేసి పెట్టారనుకోండి, నెలాఖరు బిల్లు చూసి నోట మాట రాదు. జీపీయూ కోటా అయితే మరీ జాగ్రత్త. వాడని చోట అది సున్నాగా ఉంటే ఉండనివ్వండి.

యామల్‌వీరుడు:

అక్కా, కోటాని వాచ్‌మన్‌గా వాడటం ఏంటి? దానికి ఎస్‌సీపీ (సంస్థలోని అకౌంట్లు ఏం చేయొచ్చో హద్దు పెట్టే ఏడబ్ల్యూఎస్ పాలసీ) ఉంది. రిక్వెస్ట్ ఏ రీజియన్‌కి వెళ్తుందో చూసి మిగతావన్నీ డినై చేసేయొచ్చు. అజూర్‌లో అలౌడ్ లొకేషన్స్ పాలసీ ఉంది. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన ఏడబ్ల్యూఎస్ రీజియన్లు మనం ఆన్ చేస్తే తప్ప తెరుచుకోవు కూడా. పాతవాటిని పాలసీతో మూసేస్తే కోటా ఎంతుంటే ఏంటి?

ఖర్చులక్క:

ఎస్‌సీపీ మేనేజ్‌మెంట్ అకౌంట్‌కి (మిగతా అకౌంట్లన్నిటి పైన ఉండేదానికి) వర్తించదు తమ్ముడూ. ఆ అకౌంట్‌లోనే ఏవో పాత మెషీన్లు నడుపుకునే కంపెనీలు చాలా ఉన్నాయి. పాలసీ పెట్టమనే నేనూ అంటాను, దాని వెనక తక్కువ కోటా కూడా ఉంటే తప్పేముంది? రెండూ పైసా ఖర్చు లేనివే.

పాతకాపు:

ఇద్దరూ కోటా గురించే కొట్టుకుంటున్నారు. అసలు చిక్కు వేరే చోట ఉంది.

కోటా అంటే "మీరు ఇంతవరకు వాడుకోవచ్చు" అన్న అనుమతి. ఆ రీజియన్‌లో, ఆ జోన్‌లో (రీజియన్ లోపలి విడి భాగంలో), మీరడిగిన రకం హార్డ్‌వేర్ ఆ క్షణాన ఖాళీగా ఉందా లేదా అన్నది దానికి సంబంధం లేని ప్రశ్న. బస్ పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టా? పెద్ద రీజియన్ పడిపోయిన రోజు మీలాంటివాళ్లందరూ ఒకే పక్క రీజియన్ మీద పడతారు. అందరి చేతిలో పాసులుంటాయి.

అందుకే ముందు ఎర్రర్ చదవడం నేర్చుకోవాలి. ఏడబ్ల్యూఎస్‌లో "వీసీపీయూ లిమిట్ ఎక్సీడెడ్" వస్తే కోటా సమస్య, టికెట్ వేస్తే తీరుతుంది. "ఇన్‌సఫిషియెంట్ ఇన్‌స్టాన్స్ కెపాసిటీ" వస్తే కోటా ఎంత పెంచినా లాభం లేదు. జోన్ మార్చాలి, మెషీన్ రకం మార్చాలి, లేదా ఆగాలి. అజూర్‌లో "కోటా ఎక్సీడెడ్" వేరు, "అలొకేషన్ ఫెయిల్డ్" వేరు. గూగుల్‌లోనూ కెపాసిటీ లేకపోతే "జోన్ రిసోర్స్ పూల్ ఎగ్జాస్టెడ్" అని విడిగా చెబుతుంది. అజూర్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. కోటా ఉంటుంది, కానీ ఆ ఎస్‌కేయూ (మెషీన్ సైజు) మీ సబ్‌స్క్రిప్షన్‌కి ఆ రీజియన్‌లో ఇవ్వరు. ఎస్‌కేయూల లిస్ట్ తీసి, ఎదురుగా ఉన్న రిస్ట్రిక్షన్స్ కాలమ్ చూస్తే గానీ ఆ సంగతి తెలియదు.

ఇది లెక్కల్లో మాత్రమే ఉండే భయం కాదు. 2020 మార్చిలో అందరూ ఇళ్ల నుంచి పని మొదలుపెట్టినప్పుడు, వైద్య, అత్యవసర సేవలకే ముందు కెపాసిటీ ఇస్తామని మైక్రోసాఫ్ట్ బహిరంగంగానే చెప్పింది. కొన్ని ఉచిత ఆఫర్ల మీద తాత్కాలికంగా లిమిట్లు కూడా పెట్టింది.

డీఆర్‌లో మెషీన్లు స్టాప్ చేసి ఉంచాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక మాట. ఏడబ్ల్యూఎస్‌లో ఆగి ఉన్న ఇన్‌స్టాన్స్ (మెషీన్) వీసీపీయూ లెక్కలోకి రాదు. కాబట్టి వాడకం సున్నా అని కనిపిస్తుంది. స్టార్ట్ నొక్కినప్పుడు కోటా కూడా ఉండాలి, హార్డ్‌వేర్ కూడా దొరకాలి. అజూర్‌లో డీఅలొకేట్ చేసిన (ఆపి, హార్డ్‌వేర్ వదిలేసిన) వీఎమ్, అంటే వర్చువల్ మెషీన్, కోర్లు కూడా కోటాలో లెక్కేస్తారు. అయినా స్టార్ట్ చేసినప్పుడు చోటు దొరుకుతుందన్న హామీ లేదు. ఒకే డాష్‌బోర్డులో ఈ రెండింటి శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

కెపాసిటీ గ్యారంటీ కావాలంటే కెపాసిటీ రిజర్వేషన్ (మెషీన్ల చోటు మన పేరున ముందే పట్టి ఉంచడం) తీసుకోవాలి. వాడినా వాడకపోయినా బిల్లు పడుతుంది. సేవింగ్స్ ప్లాన్ కొన్నాం కదా అంటారు కొందరు. అది రేటు తగ్గిస్తుంది, మెషీన్ ఆపి ఉంచదు. రీజినల్ రిజర్వ్‌డ్ ఇన్‌స్టాన్స్ కూడా అంతే. జోన్ ఎంచుకుని కొన్నదానికే కెపాసిటీ వస్తుంది.

కొత్తగాచేరా:

అయితే కోటా చూసుకోవడం దండగ అంటారా సార్? మా లీడ్ రోజూ షీట్ నింపిస్తున్నాడు 😅

పాతకాపు:

దండగ కాదు బాబూ. మీరు చూసే తీరు దండగ కావచ్చు.

షీట్‌లో ఏం రాస్తారు? వాడకం ఇంత, లిమిట్ ఇంత, శాతం ఇంత. 8 వీసీపీయూల మెషీన్లు 30 నడుస్తున్నాయనుకోండి, 240. లిమిట్ 384. 63 శాతం, పచ్చరంగు, అందరూ హాయిగా ఉంటారు. అదే సమయంలో బ్లూ-గ్రీన్ రిలీజ్ మొదలైంది. పాతవి ఆపకుండా కొత్తవి 30 లేవాలి, అంటే మొత్తం 480. మిగిలిన 144లో 18 లేస్తాయి, పంతొమ్మిదోది ఫెయిల్. రిలీజ్ సగంలో వేలాడుతుంది. షీట్ మాత్రం రిలీజ్ మొదలయ్యే ముందు దాకా పచ్చగానే ఉంది.

ఇప్పటి వాడకాన్ని కాదు, ఆటోస్కేలింగ్ గ్రూపుల (రద్దీని బట్టి మెషీన్లు పెంచి తగ్గించేవాటి) మ్యాక్సిమమ్‌లన్నీ కూడి, రిలీజ్‌కి కావలసిన అదనం కలిపి, దాన్ని లిమిట్‌తో పోల్చాలి. డీఆర్ రీజియన్‌కీ ఇదే లెక్క, అక్కడ ఇప్పుడు ఏమీ నడవకపోయినా సరే.

లాగులపిచ్చి:

షీట్ చేత్తో నింపించడం మాత్రం అన్యాయం. క్లౌడ్‌వాచ్‌లో (ఏడబ్ల్యూఎస్ పర్యవేక్షణ సర్వీసులో) యూసేజ్ మెట్రిక్ ఉంది, సర్వీస్ కోటా అనే ఫంక్షన్‌తో దాన్ని లిమిట్‌కి శాతంగా మార్చి అలారం పెట్టొచ్చు. ట్రస్టెడ్ అడ్వైజర్ అనే ఏడబ్ల్యూఎస్ తనిఖీ టూల్ కూడా కొన్ని లిమిట్లకి 80 శాతం దాటగానే పసుపు చూపిస్తుంది. కానీ అన్నిటికీ మెట్రిక్ ఉండదు, అలారం ఒక్కో రీజియన్‌లో విడిగా పెట్టాలి. ఐఏఎమ్ (యూజర్లు, అనుమతులు చూసేది) లాంటి గ్లోబల్ సర్వీసుల కోటాలు నార్త్ వర్జీనియాకి మారితే గానీ కనపడవు.

వీసీపీయూ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఎలాస్టిక్ ఐపీలు (మారని పబ్లిక్ అడ్రసులు) రీజియన్‌కి 5, వీపీసీలు (క్లౌడ్‌లో మన ప్రైవేట్ నెట్‌వర్కులు) 5 డీఫాల్ట్. డీఆర్‌లో ముందు తగిలేవి ఈ చిన్నవే. అసలు ఏ కోటా పేజీలోనూ కనిపించనిది సబ్‌నెట్, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఒక ముక్క. దానికి స్లాష్ 24 సైజు ఇస్తే 256 ఐపీ అడ్రసుల్లో ఏడబ్ల్యూఎస్ 5 తీసేసుకుంటుంది, మిగిలేవి 251. కుబెర్నెటీస్‌లో (కంటైనర్లని నడిపే వ్యవస్థలో) పాడ్‌కొక, అంటే కంటైనర్ల గుంపుకొక, ఐపీ ఇచ్చే సెటప్ అయితే ఇట్టే అయిపోతాయి. అప్పుడు కోటా, కెపాసిటీ రెండూ ఉండి కూడా పాడ్‌లు లేవవు.

వాడకం అంకెని గుడ్డిగా నమ్మే ఆటోమేషన్ కూడా వద్దు. 2020 డిసెంబరు 14న గూగుల్ సైన్ఇన్ ప్రపంచమంతా ఆగింది గుర్తుందా? యూజర్ ఐడీ సర్వీస్ వాడకాన్ని పాత కోటా వ్యవస్థ భాగమొకటి సున్నా అని రిపోర్ట్ చేసింది. ఆటోమేటిక్ సిస్టమ్ అది నమ్మి కోటా కోసేసింది. వాడకం తక్కువుంది కదా అని లిమిట్ తగ్గించే స్క్రిప్టులు రాసేవాళ్లు ఆ రిపోర్ట్ ఒకసారి చదవాలి.

యామల్‌వీరుడు:

డీఆర్ మొత్తానికి రిజర్వేషన్ అంటే బిల్లు రెట్టింపు. పాతకాపు గారూ, మీ మేనేజర్ ఒప్పుకున్నాడా?

పాతకాపు:

మొత్తానికి చేయమని నేను అనలేదు. లాగిన్, పేమెంట్, డేటాబేస్, ఈ మూడు లేవడానికి కావలసినంతే. రిపోర్టులు నాలుగు గంటలు ఆలస్యమైతే ఎవరూ చావరు.

ఖర్చులక్క:

ఆ మేరకైతే నేనూ సంతకం పెడతా. కానీ రిజర్వేషన్ ఖాళీగా ఉంచకండి. స్టేజింగ్ ఎన్విరాన్‌మెంట్‌ని (రిలీజ్‌కి ముందు పరీక్షించే సెటప్‌ని) దాని మీదే నడపండి, డీఆర్ రోజున స్టేజింగ్ దించేసి ఆ చోటు ప్రొడక్షన్‌కి ఇవ్వండి. కట్టిన డబ్బుకి రోజూ పని దొరుకుతుంది.

రాత్రిడ్యూటీ:

చూశాను, డీఆర్‌లో నిజంగానే డీఫాల్టే ఉంది. ఆ ఒక్క రీజియన్‌కి ఇవాళే రిక్వెస్ట్ పెట్టాం. మిగతావాటిని ముట్టుకోవడం లేదు, పాలసీతో మూసేస్తున్నాం. ఒక్క డౌట్. డ్రిల్‌లో మెషీన్లు లేచినంత మాత్రాన అసలు రోజు లేస్తాయా? రిజర్వేషన్ బయట ఉన్నవాటి సంగతి అడుగుతున్నా.

పాతకాపు:

లేస్తాయని చెప్పలేం. దొరికే అవకాశం పెంచుకోవడమే మన చేతిలో ఉంది. ఒకే సైజు మీద పట్టుబట్టకుండా లాంచ్ సెట్టింగుల్లో మూడు నాలుగు రకాలు పెట్టండి, జోన్లు అన్నీ ఇవ్వండి. ఏడబ్ల్యూఎస్‌లో ఎమ్, సీ, ఆర్ మెషీన్ రకాలన్నీ ఒకే స్టాండర్డ్ కోటా కిందికి వస్తాయి, కాబట్టి రకం మార్చినా కోటా విడిగా అడగక్కర్లేదు. అజూర్‌లో అలా కాదు. ఒక్కో వీఎమ్ ఫ్యామిలీకి ఒక్కో కోటా, పైన రీజియన్ మొత్తానికి ఇంకోటి. ప్రత్యామ్నాయంగా పెట్టుకున్న ప్రతి ఫ్యామిలీకీ అడగండి, ఆ పై మొత్తం కూడా సరిపోతుందో లేదో చూసుకోండి. చాలామంది ఆ రెండోది వదిలేస్తారు.