టెక్సాస్‌లో ఈఎస్‌డీ బోర్డును ప్రశ్నించే అధికారం కౌంటీకి ఉందా?

మెస్కీట్ చెట్టు (ప్రశ్న)

నమస్కారం అండి. మా ఇల్లు టెక్సాస్‌లో నగర పరిధికి బయట ఉంది. కౌంటీ పేరు, మాకు అంబులెన్స్, ఫైర్ సేవలు చూసే ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ (ఈఎస్‌డీ) పేరు ఇక్కడ రాయను. పోయిన నెల మా అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. 911కు ఫోను చేస్తే అంబులెన్స్ వచ్చేసరికి అరగంట దాటింది. అదీ పక్క డిస్ట్రిక్ట్ బండి. మా కాలనీ మలుపు తిరిగితే ఫైర్ స్టేషన్ ఉంది. ఆ మధ్యాహ్నం దాని తలుపులు దించే ఉన్నాయి.

ఆస్తిపన్ను బిల్లు తీసి చూశాను. బడి పన్ను, కౌంటీ పన్నుల కింద ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ పేరుతో ఇంకో వరుస ఉంది. 100 డాలర్ల విలువకు 10 సెంట్లు. 4,20,000 డాలర్ల ఇంటికి ఏడాదికి 420 డాలర్లు. కౌంటీ కార్యాలయాన్ని అడిగితే "అది వేరే ప్రభుత్వ సంస్థ, మాకు సంబంధం లేదు" అన్నారు. డిస్ట్రిక్ట్‌ను అడిగితే "బండ్లు నడిపేది స్వచ్ఛంద దళం, వారినే అడగండి" అన్నారు. దళం ఫోను ఎత్తలేదు. నేను ఓటరునే, అయినా ఈ బోర్డు సభ్యుల పేర్లు బ్యాలెట్ మీద ఎన్నడూ చూడలేదు. వీరిని అడిగేవారు ఎవరైనా ఉన్నారా?

సైప్రస్ వాసి

అత్తగారు త్వరగా కోలుకోవాలి. మేము హ్యారిస్ కౌంటీలో ఉంటాం. ఇక్కడ ఈఎస్‌డీ కమిషనర్లను ఓటర్లే ఎన్నుకుంటారు. మీ వైపు పద్ధతి వేరేమో, తెలిసినవారు చెప్పాలి.

జమాఖర్చు

చిన్న చిన్న డిస్ట్రిక్టుల లెక్కలు ఆడిట్ చేయడం నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కౌంటీ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఈఎస్‌డీ కౌంటీ శాఖ కాదు. టెక్సాస్ రాజ్యాంగం 3వ అధికరణం, 48-ఇ సెక్షన్ దీనికి ఆధారం. నడిచే తీరంతా ఆరోగ్య, భద్రతా స్మృతిలోని 775వ అధ్యాయంలో ఉంటుంది. ఆ ప్రాంతంలో ఆస్తి ఉన్న ఓటర్లు కనీసం 100 మంది అర్జీ పెట్టుకుంటే, కౌంటీ విచారణ జరిపి ఎన్నిక పెడుతుంది. ప్రజలు ఒప్పుకుంటే డిస్ట్రిక్ట్ ఏర్పడుతుంది. ఆపైన పన్ను వేసేది, బడ్జెట్ రాసుకునేది బోర్డే. మీరు కడుతున్న 10 సెంట్లు రాజ్యాంగం పెట్టిన గరిష్ఠ పరిమితి. అంటే ఆస్తిపన్ను రేటు పెంచుకోవడానికి మీ డిస్ట్రిక్టుకు ఇక దారి లేదు.

మిగతా సగం వింటే మాత్రం నాకు కోపం వస్తుంది. సంబంధం లేకపోవడమేమిటి? హ్యారిస్ వంటి చోట్లు, ఒకటికి మించిన కౌంటీల్లో విస్తరించిన డిస్ట్రిక్టులు పక్కన పెడితే, చాలా చోట్ల ఈఎస్‌డీ బోర్డులోని ఐదుగురిని నియమించేది కౌంటీ కమిషనర్స్ కోర్టే. పేరులో కోర్టు ఉన్నా అది కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసిన పాలక మండలి. బోర్డు సభ్యుల పదవీకాలం రెండేళ్లు, కొత్త నియామకాలు జనవరి 1 నుంచి. అందరి గడువూ ఒకేసారి తీరదు కాబట్టి మామూలుగా ఏటా కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి. నేను చూసిన సమావేశాల్లో ఆ పేర్లు రోడ్ల మరమ్మతు బిల్లుల మధ్య, చర్చ లేకుండా ఒక్క ఓటుతో ఆమోదం పొందేవి. గదిలో ఆ డిస్ట్రిక్ట్ నుంచి ఒక్క మనిషి కూడా ఉండడు. మీ అత్తగారు నేల మీద పడి ఎదురుచూసిన అరగంటకు సంబంధించిన నిర్ణయం ఆ నిమిషంలో జరుగుతుంది.

రెండోది ఆడిట్. డిస్ట్రిక్ట్ ఏటా జూన్ 1లోగా ఆడిట్ నివేదికను కమిషనర్స్ కోర్టుకు దాఖలు చేయాలి. బాగా చిన్న డిస్ట్రిక్టులకు ఆడిట్ బదులు ఆర్థిక పట్టికలు ఇచ్చే వెసులుబాటు ఉంది. నివేదిక రాకపోతే కౌంటీ తన ఆడిటర్‌తో లెక్కలు తీయించవచ్చు. కాబట్టి ఆ కాగితం కౌంటీ దగ్గర ఉండాలి. అడిగి తీసుకోండి.

తెచ్చుకున్నాక ముందు చూడవలసింది దళానికి ఇచ్చిన సొమ్ము. ఒకచోట లెక్కలు చూస్తుంటే పన్నెండు నెలలకూ పన్నెండు చెల్లింపులు, అన్నీ ఒకే మొత్తం, ఎదురుగా "సేవల ఒప్పందం" అన్న రెండు మాటలే కనిపించాయి. ఆ నెలలో ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్నింటికి బండి కదిలింది, ఎన్ని పక్కవారికి వెళ్లాయి, ఒక్క కాగితం జతచేయలేదు. అడిగితే "మాకు అలాంటి నివేదిక ఇవ్వాలని ఒప్పందంలో లేదు" అన్నారు. ఒప్పందం తెప్పించి చదివితే నిజంగానే లేదు. డబ్బు మాయం కాలేదు, లెక్క పైసాతో సహా సరిపోయింది. అయినా పన్ను కట్టినవారికి ఏం దక్కిందో ఎవరికీ తెలియదు. ఆడిటర్‌గా ఆ లెక్కల మీద సంతకం పెట్టడానికి నాకు అడ్డు లేదు, మనిషిగా మాత్రం నిద్ర పట్టలేదు.

అందువల్ల మీ డిస్ట్రిక్టుకూ దళానికీ మధ్య ఉన్న ఒప్పందం సంపాదించండి. బండి చేరాల్సిన సమయం అందులో రాసి ఉందా? నెలనెలా బోర్డుకు నివేదిక ఇవ్వాలని ఉందా? సగటు సమయం చెప్పి సరిపెడితే ఊరుకోకండి. స్టేషన్ పక్కన ఇళ్లకు నాలుగు నిమిషాల్లో వెళ్లిన కాల్స్ మీ అరగంటను సగటులో మింగేస్తాయి. పదింట తొమ్మిది కాల్స్‌కు ఎంతలోపు చేరారో అడగండి.

కౌంటీ చేయలేనివీ ఉన్నాయి. బోర్డు బడ్జెట్ తిరగరాయలేదు, ఫలానా చోట బండి పెట్టమని ఆదేశించలేదు. అసలు కౌంటీలు అంబులెన్స్ నడిపి తీరాలని టెక్సాస్ చట్టంలో లేదు. అక్కడ వాదించి అలసిపోకండి.

ఎర్రబండి

నేను ఇలాంటి దళంలోనే స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. మధ్యాహ్నం తలుపులు దించి ఉండటం నిర్లక్ష్యం కాకపోవచ్చు. మాలో ఎక్కువమందికి పగలు వేరే ఉద్యోగాలున్నాయి. రాత్రి కాల్ వస్తే పరుగెత్తుతాం, పగలు రెండు గంటలకు మనుషులు దొరకరు. స్వచ్ఛంద దళాల కోసం ఎన్ఎఫ్‌పీఏ (అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రాసే సంఘం) రాసిన 1720 ప్రమాణంలోనూ, మంటలార్పే కాల్స్‌కు జనం పలచగా ఉన్న పల్లెల్లో 14 నిమిషాల్లో ఆరుగురు చేరాలని, అది నూటికి 80 సార్లు జరగాలని ఉంటుంది. మీ కాలనీల వంటివి పెరిగాక ఆ పల్లె లెక్క చెల్లదు. పగటి పూటకైనా జీతమిచ్చి మనుషులను పెట్టాలి. ఆస్తిపన్ను పరిమితికి చేరినా, అమ్మకపు పన్నులో ఖాళీ ఉంటే ఓటర్ల ఆమోదంతో డిస్ట్రిక్ట్ దాన్ని వాడుకోవచ్చు. రాష్ట్రానికి 6.25 శాతం పోగా స్థానిక సంస్థలన్నింటికీ కలిపి 2 శాతం వరకు వీలుంది. మీ బోర్డు ఎప్పుడైనా ఆ ఆలోచన చేసిందా అని అడగండి.

నీలిపూలు

మాది గ్రీన్‌కార్డు, ఓటు లేదు. పన్ను మాత్రం కడుతున్నాం. సమావేశానికి వెళ్లి మాట్లాడవచ్చా?

జమాఖర్చు

తప్పకుండా మాట్లాడవచ్చు. బోర్డు సమావేశాలు బహిరంగంగా జరగాలి. ఎజెండాలోని అంశం మీద సభ్యులు నిర్ణయం తీసుకునేలోపు ప్రజలను మాట్లాడనివ్వాలని 2019లో చట్టం చేశారు. పౌరసత్వం అడగరు. కాగితాల కోసం ప్రజా సమాచార చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. ఏదైనా దాచాలనుకుంటే 10 పని దినాల్లోగా వారే అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాలి.

ఎర్రబండి గారి మాట నిజం. దళం మీద నాకూ కోపం లేదు. పగలు మనుషులు లేరన్న సంగతి బోర్డుకు తెలిసి కూడా ఒప్పందంలో ఒక్క వాక్యం మారకపోతే, అప్పుడు బోర్డును అడగాలి.

మెస్కీట్ చెట్టు

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు కౌంటీ వెబ్‌సైట్‌లో వెతికితే మా బోర్డులో ఇద్దరి గడువు డిసెంబరు 31తో తీరుతోందని ఉంది. మా ప్రాంత కమిషనర్‌కు ఉత్తరం రాస్తున్నాను. అందులో ఏం అడగమంటారు?

జమాఖర్చు

మీ ఇంట్లో జరిగింది తేదీ, సమయాలతో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ ఇద్దరినీ మళ్లీ నియమించే ముందు నెలవారీ నివేదిక గురించి వారి వైఖరి బహిరంగ సమావేశంలో అడగమని కోరండి. వేరే పేర్లు పరిశీలిస్తారా, దరఖాస్తు ఎలా పెట్టాలి అన్నది కూడా అడగండి. నవంబరులోపు పంపండి. డిసెంబరు ఎజెండా తయారయ్యాక ఉత్తరం దస్త్రంలోకి పోతుంది.