14.4 దగ్గర పీక్ రాలేదు, 9.3 దగ్గర వచ్చింది. శాంపిల్ పోయినట్టేనా?

నల్లపొడి: అందరికీ నమస్తే. పీహెచ్‌డీ రెండో ఏడాది, హైడ్రోథర్మల్‌లో (గట్టిగా మూసిన పాత్రలో నీళ్లతో వేడి చేసే పద్ధతి) మాలిబ్డినం డైసల్ఫైడ్ చేస్తున్నాను. అమ్మోనియం హెప్టామాలిబ్డేట్ 1.24 గ్రాములు, థయోయూరియా 2.28 గ్రాములు 35 ఎంఎల్ నీళ్లలో కరిగించి, 50 ఎంఎల్ టెఫ్లాన్ ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాను. పౌడర్ నల్లగా బాగానే వచ్చింది కానీ ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) ఈ సల్ఫైడ్‌కి మామూలుగా రావాల్సిన 14.4 డిగ్రీల కోణం దగ్గర ఏమీ లేదు, 9.3 దగ్గర ఒక పీక్, 18.6 దగ్గర చిన్నది ఇంకొకటి. మూడుసార్లు చేసినా ఇదే. మా సీనియర్ అది ఆక్సైడ్, పారేసెయ్ అంటున్నారు. వచ్చే వారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

పొరలమధ్య: దయచేసి పారేయకండి! 9.3 అంటే పొరల మధ్య దూరం 9.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, మామూలుగా అయితే 6.15. 18.6 దగ్గరున్నది అదే పొరల రెండో ఆర్డర్ పీక్. థయోయూరియా వేడికి విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్‌తో పాటు అమ్మోనియా కూడా ఇస్తుంది, మీ మాలిబ్డేట్‌లో అమ్మోనియం ఎలాగూ ఉంది, ఆ అయాన్లు పొరల మధ్యకి దూరి వాటిని ఎడం చేస్తాయి. సల్ఫర్ చాలలేదేమో అన్న అనుమానం కూడా వద్దు. మీరు తీసుకున్న 1 మిల్లీమోల్‌లో మాలిబ్డినం 7, దానికి సల్ఫర్ 14 కావాలి, మీరు వేసింది 30. నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే కేటలిస్ట్ కోసం కావాలనే ఇలా ఎడంగా చేసుకునేవాళ్లున్నారు.

రామన్‌రూమ్: పైన చెప్పింది నిజమే అనిపిస్తోంది, కానీ రివ్యూలో అలా చెప్పేసే ముందు ఒకటి చూసుకోండి. హెక్సాగోనల్ మాలిబ్డినం ట్రైఆక్సైడ్‌కి కూడా 9.7, 19.5 దగ్గర పీక్స్ ఉంటాయి, మీ సీనియర్ అనుమానం అక్కడిదే అయ్యుంటుంది. అదైతే 25.8, 29.4 దగ్గర కూడా సన్నగా, పదునుగా కనిపించాలి. సల్ఫైడ్ అయితే 32-33 దగ్గరా 57-58 దగ్గరా వెడల్పాటి గుట్టలు ఉంటాయి. రామన్ (లేజర్ వెలుగుతో పదార్థాన్ని గుర్తించే పరీక్ష) తీయిస్తే లేజర్ పవర్ బాగా తగ్గించమనండి. నేను తగ్గించకుండా తీయించాను, ఆ వేడికి శాంపిల్ అక్కడికక్కడే ఆక్సైడ్ అయిపోయి రామన్‌లో 820, 995 దగ్గర ఆక్సైడ్ పీక్స్ వచ్చాయి, సింథసిస్‌లోనే తప్పుందనుకుని నెల రోజులు పోగొట్టుకున్నాను.

ఫ్యూమ్‌హుడ్: కొంచెం పౌడర్‌ని ఆర్గాన్‌లో 500 డిగ్రీలు దాటించి చూడండి. అమ్మోనియం పోయి పొరలు దగ్గరపడితే పీక్ 14 వైపు జరుగుతుంది, ఆక్సైడ్ అయితే 12.8 దగ్గరికి వెళ్తుంది. ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆటోక్లేవ్ పూర్తిగా చల్లారాకే, ఫ్యూమ్ హుడ్ (విషవాయువుల్ని బయటికి లాగేసే ల్యాబ్ గూడు) లోపలే తెరవండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, వాసన లేదు కదా అని దగ్గరికి వెళ్లొద్దు.

నల్లపొడి: ఇప్పుడే గ్రాఫ్ మళ్లీ తెరిచాను. 25.8, 29.4 దగ్గర ఏమీ లేవు, 32.5 దగ్గర వెడల్పాటిది ఉంది, ఇన్నాళ్లూ దాన్ని నాయిస్ అనుకున్నాను. శుక్రవారం ట్యూబ్ ఫర్నేస్ స్లాట్ దొరికింది, ఆర్గాన్‌లో పెట్టి రిజల్ట్ ఇక్కడే పెడతాను. ముగ్గురికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ.