జార్‌ను దించింది రొట్టె కొరతా, తిరగబడ్డ దండా?

శేషు:
1917 ఫిబ్రవరి గురించి ఎక్కడ చూసినా ఒకటే మాట: రష్యాలో ఆకలితో జనం వీధికెక్కారు, జార్ (చక్రవర్తి) నికొలాయ్ దిగిపోయాడు. నేను ఒప్పుకోను. 1905లోనూ జనం వీధికెక్కారు. సైన్యంలో ఎక్కువ భాగం మాట విన్నది కాబట్టి గద్దె నిలిచింది. 1917లో రాజధాని పెట్రోగ్రాడ్‌లో ఉన్న సైన్యం, అంటే దండు, చేజారింది, గద్దె పోయింది. (1917 తేదీలు పాత రష్యా క్యాలెండర్‌వి, 13 రోజులు కలుపుకోండి.)

విమల:
శేషు గారూ, రొట్టెను అంత తేలిగ్గా తీసెయ్యకండి. దేశంలో గింజలకు కరువు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంతో, ఓడల దారి అయిన డార్డనెల్స్ జలసంధి మూసుకుపోయి ఎగుమతులు ఆగాయి కాబట్టి ధాన్యం లోపలే ఉంది. కానీ సర్కారు ధర బిగించింది, రూబుల్ విలువ కరిగిపోతోంది, ఫ్యాక్టరీలు తుపాకీ గుళ్ల పనిలో పడి ఊళ్లో మేకూ గుడ్డా దొరకలేదు. రైతు అమ్మి ఏం కొనుక్కోవాలి? గాదెలోనే ఉంచుకున్నాడు. 1916 డిసెంబరులో మంత్రి రిట్టిఖ్ ఒక్కో ప్రాంతం ఇంత ధాన్యం ఇవ్వాలని కోటా వేస్తే అదీ పూర్తిగా రాలేదు. పైగా ఆ చలికి ఇంజన్లు పాడై వ్యాగన్లు మంచులో నిలిచాయి. గింజలు పండే దక్షిణానికి పెట్రోగ్రాడ్ చాలా దూరం, రైలు ఆగితే పిండి లేదు. రేషన్ పెడతారన్న వార్త పొక్కగానే జనం రొట్టెలు కొని దాచుకోవడం మొదలెట్టారు.

శేషు:
అవన్నీ నిజాలే. కానీ రోజుల వరస చూడండి. ఫిబ్రవరి 23న పెట్రోగ్రాడ్‌లోని వీబోర్గ్ పేట నేత మిల్లుల ఆడవాళ్లు పని ఆపారు. 25కి సమ్మెలో 2 లక్షలకు పైగా. ఆ రాత్రి సైన్యం ప్రధాన స్థావరం మొగిలేవ్ నుంచి జార్ తంతి: రేపటికల్లా అల్లర్లు అణచండి. 26న జ్నామెన్‌స్కయా కూడలిలో వొలీన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళం కాల్చింది, జనం చెదిరారు. రొట్టె కోసం లేచిన గుంపు అక్కడితో ఓడినట్టే. 27 ఉదయం అదే దళం సార్జెంటు కిర్పిచ్నికోవ్ వెంట తిరగబడింది, కెప్టెన్ హతుడయ్యాడు. రాత్రికి నగరం దండు చేతుల్లో. అసలైన గార్డ్ రెజిమెంట్లు ఫ్రంటులో అరిగిపోయాయి. బ్యారక్‌లలో కిక్కిరిసి ఉన్నది లక్షన్నరకు పైగా సిపాయిలు, ఎక్కువమంది కొత్త రిక్రూట్లు, గాయాల నుంచి కోలుకుంటున్నవాళ్లు. అధికారులు బహు తక్కువ. అలాంటి వాళ్లను జనం మీదికి పంపడమే జార్ చేసిన ఘోరమైన తప్పు.

రఘురామ్:
మీరిద్దరూ జనరళ్లను మరిచారు. దండు తిరగబడితే పోయేది రాజధాని, ఫ్రంటులో మహా సైన్యం ఇంకా ఉంది. రాజధానిని అణచడానికి జనరల్ ఇవనోవ్‌ను బయల్దేరదీసి మళ్లీ వెనక్కి పిలిచారు. రాజధానికి వస్తున్న జార్ రైలు మాలయా విషేరా స్టేషన్ దగ్గర ఆగి ప్స్కోవ్ ఊరికి మళ్లింది. మార్చి 2న జార్ సైనిక ముఖ్యాధికారి అలెక్సేయెవ్ ఫ్రంటు సేనాపతులను అడిగితే గద్దె వదలమనే జవాబిచ్చారు. యుద్ధం సాగాలంటే రాజు పోవాలని వాళ్ల లెక్క. ఆ తంతులు చూశాకే నికొలాయ్ సంతకం పెట్టాడు.

శేషు:
ఒప్పుకుంటాను, కానీ జనరళ్లను ఆ లెక్కకు నెట్టింది రాజధాని దండే. దాని కథ మార్చితో ఆగలేదు కూడా. జార్ తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం సోవియట్‌తో (కార్మికులు, సిపాయిల ప్రతినిధుల సభతో) ఒప్పుకున్న షరతుల్లో ఒకటి: విప్లవంలో పాల్గొన్న దళాల ఆయుధాలు లాక్కోరాదు, నగరం దాటించరాదు. అక్టోబరులో ఫ్రంటుకు పంపబోతే అవి లెనిన్ పార్టీ అయిన బోల్షెవిక్కుల చేతిలోని సైనిక విప్లవ కమిటీ వైపు జరిగాయి. ఫిబ్రవరిలో లెనిన్ జూరిక్‌లో ఉన్నాడు. ఆయన పార్టీ గద్దె దించలేదు, దించిన దండును తన వైపు తిప్పుకుంది.

విమల:
తిప్పుకున్నాక బోల్షెవిక్కులకూ గింజల చిక్కే ఎదురైంది. అంతకుముందు 1917 మార్చిలో తాత్కాలిక ప్రభుత్వం ధాన్యమంతా సర్కారుదేనంది, గింజ కదల్లేదు. 1918 మేలో బోల్షెవిక్కులు ధాన్యం కోసం ఊళ్ల మీదికి సాయుధ దళాలు పంపారు, రైతు విత్తడమే తగ్గించాడు. 1921 మార్చిలో బలవంతపు వసూలు మాని ధాన్యపు పన్నుకు మళ్లక తప్పలేదు, అదీ పెట్రోగ్రాడ్ దగ్గరి నౌకాస్థావరం క్రోన్‌ష్టాట్ నావికులు తిరగబడి ఉన్న రోజుల్లో.