2008 జిప్సీ కొనొచ్చా? ఒడిశా రాయగడ నుంచి అడుగుతున్నాను

రాయగడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక 2008 మారుతి జిప్సీ జీపు చూశాను. ఎంపీఎఫ్ఐ పెట్రోల్ ఇంజిన్, ఏపీ 35 నంబరు. మూడున్నర లక్షలు చెబుతున్నాడు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2023లోనే అయిపోయింది, రెన్యువల్ మీరే చేయించుకోండి అంటున్నాడు. ఆదివారాలు దేవమాలి వైపు, మహేంద్రగిరి వైపు మట్టిదారుల్లో తిరగాలని నా కోరిక. ఇంకో రెండు లక్షలు వేసుకుని పాత మహీంద్రా థార్ సీఆర్డీఈ డీజిల్ జీపు చూడమని మా బావ అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

కమాను పట్టీ:
జిప్సీయే తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు. పదకొండేళ్లుగా నడుపుతున్నాను. బరువు 985 కిలోలే. పాత థార్ పదిహేడు వందలు దాటుతుంది. మన ఎర్రమట్టి వానకి నానితే బండిని దించేసేది బరువే. రెండు ఇరుసులకీ కమాను పట్టీలే (ఇనుప పట్టీల స్ప్రింగులు) కాబట్టి రాయగడలో లారీ కమాన్లు చేసేవాడైనా బాగుచేస్తాడు.

చూడ్డానికి వెళ్లినప్పుడు చిన్న సుత్తి పట్టుకెళ్లు. ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద, ముఖ్యంగా కమాన్లు తగిలించే బ్రాకెట్ల దగ్గర కొట్టు. ఖంగుమంటే సరే. మొద్దుగా పలికితే లోపల తుప్పు తినేసినట్టే. గేర్ ఆయిల్ ప్లగ్ విప్పించు, ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు దిగాయని. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ గేరు మట్టిలోనే వేసి చూడు. ముందు చక్రాలని, వెనక చక్రాలని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ జిప్సీకి మధ్యలో ఉండదు, తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే లోపల అంతా బిగుసుకుపోతుంది.

డీజిల్ మనిషి:
బరువు సరే, లాగే బలం సంగతేంటి? జిప్సీ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 103 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 4500 సార్లు తిరిగితేనే. థార్ సీఆర్డీఈది 247, 1800 దగ్గరే వచ్చేస్తుంది. రాళ్లెక్కేటప్పుడు కావాల్సింది నెమ్మదిగా లాగడం.

కమాను పట్టీ:
నెమ్మదిగా, బలంగా లాగడానికే కదా లో రేంజ్ గేరు పెట్టింది? బరువులో దాదాపు సగం తేడా ఉంది, అది వదిలేసి టార్క్ ఒక్కటే పట్టుకుంటే ఎలా?

డీజిల్ మనిషి:
బరువుతోనే లెక్కేయండి. వెయ్యి కిలోల బరువుకి టార్క్ జిప్సీకి 105 దగ్గర, థార్‌కి 140 దగ్గర. ఎలా చూసినా థార్‌దే పైచేయి.

కమాను పట్టీ:
కాగితం మీద లెక్కలు బురదలో పనిచేయవు.

జయపురం:
ముందు పేపర్లు చూసుకో తమ్ముడూ. వీళ్ల గొడవ తెమలదు.

బరంపురం అక్క:
అవును, అసలు ఖర్చు అక్కడే. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 5,000. ఇరవై ఏళ్లు దాటితే 2025 నుంచి 10,000 చేశారు. ఆలస్యానికి నెలకి 500 అదనం, 2023 నుంచి లెక్కేసుకో. రెన్యువల్ అయితే ఐదేళ్లు చెల్లుతుంది. అమ్మేవాడి పేరు మీదే ముందు రెన్యువల్ చేయించు, తర్వాత ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు. ఆ పైన ఒడిశాలో రోడ్ టాక్స్ కట్టాలి. ఇదంతా బేరంలో తగ్గించమను. సైన్యం వేలంలోంచి వచ్చిన బండయితే ఆలివ్ గ్రీన్ రంగు ఉంచుకోకు, ఆ రంగు సైన్యానికి తప్ప ఎవరికీ కుదరదు.

డీజిల్ మనిషి:
బాబూ, నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. 2016లో ఒక బ్రోకర్ దగ్గర పాత జీపు కొన్నాను. మెకానిక్‌ని తీసుకెళ్లాను, ఛాసిస్ కొట్టి చూశాం, అన్నీ బాగున్నాయి. రెండో నెలలో సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగుతుంటే బ్రేక్ పోయింది. తుప్పు పట్టిన బ్రేక్ పైపు మీద నల్ల పెయింటు వేసి అమ్మాడు. పక్క సీట్లో మా అమ్మ. కొండకి రాసి ఆపాను. సుత్తి పెట్టి ఎంత కొట్టినా ఆ పైపు సంగతి బయటపడదు.

కమాను పట్టీ:
అది అమ్మినవాడి మోసం, బండి తప్పు కాదు. పాత బండి అనగానే ఈ కథ చెప్పి ప్రతి కుర్రాడినీ బెదరగొడుతున్నారు మీరు.

డీజిల్ మనిషి:
కథ అనకండి. మా అమ్మ ఇప్పటికీ నిటారుగా కూర్చోలేకపోతోంది.

పొట్టంగి మాస్టారు:
నాకు బండ్ల సంగతి తెలియదు. మూడు రోజులుగా చదువుతున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. మీరు తిరగాలంటున్న దేవమాలి వైపు మట్టిదారి మా పిల్లలు బడికి వచ్చే దారి. పోయిన ఆగస్టులో ఆరు బండ్లు వచ్చాయి. వానలో ఆ ఎత్తు ఎక్కలేక మళ్లీ మళ్లీ ఎక్కించారు. మోకాలి లోతు గాడి పడింది. ఒక బండి పక్కనున్న చోడి (రాగి) చేలోంచి తిరిగొచ్చింది. తర్వాతి వారం అంబులెన్సు ఆ గాడి దాటలేక కిందే ఆగిపోతే, నిండు గర్భిణిని మంచం మీద మోసుకుని రెండు కిలోమీటర్లు దించాం. 985 కిలోలా, పదిహేడు వందలా అని మీరు కొట్టుకుంటున్నారు. మా దారికి రెండూ ఒకటే.

కమాను పట్టీ:
ఎవరో చేసినదానికి అందరినీ అనకండి మాస్టారూ. మాదీ కోరాపుట్ జిల్లాయే. వానల్లో నా జిప్సీలోనే ఇద్దరిని ఆసుపత్రికి చేర్చాను. ఇలాంటి బండ్లు ఉండబట్టే ఆ పని జరిగింది.

పొట్టంగి మాస్టారు:
మీరు చేసింది మంచి పని, కాదనను. బండి ఉండకూడదని కూడా అనలేదు. దారి తడిగా ఉన్నప్పుడే ఎందుకు వస్తారని అడుగుతున్నాను.

డీజిల్ మనిషి:
బురదలో ఇరుక్కుని బయటపడటమే వాళ్ల సరదా కాబట్టి. నాకూ నచ్చనిది అదే, టార్క్ పేరు చెప్పి ఇన్నాళ్లూ దానిమీదే పోట్లాడాను.

కమాను పట్టీ:
రాత్రంతా ఆలోచించాను. ఆ ఆరు బండ్లలో రెండోది నాది. చేలోంచి తిరిగింది నేను కాదు, కానీ ఆపలేదు. గాడి చూసి ఫొటో కూడా తీశాను. అంబులెన్సు సంగతి ఇప్పుడే తెలిసింది. మాస్టారూ, ఆ చేను ఎవరిదో చెప్పండి, వచ్చి కలుస్తాను. గాడి పూడ్చడానికి ట్రాక్టరు మట్టి తోలిస్తాను.

పొట్టంగి మాస్టారు:
రండి. నేను తోడు వస్తాను.

రాయగడ కుర్రాడు:
ఇంత దూరం ఆలోచించకుండా అడిగాను. మాస్టారూ, అసలు రాకూడదా, వస్తే ఎప్పుడు రావాలి?

పొట్టంగి మాస్టారు:
జనవరిలో పుష్ పరబ్ పండగ అయ్యాక రా నాయనా. చోడి కోతలు అయిపోతాయి, దారి గట్టిపడుతుంది. ఊరి మొదట్లో ఆగి పెద్దలని అడిగి ఎక్కు.

రాయగడ కుర్రాడు:
అలాగే. ఆదివారం విజయనగరం వెళ్తున్నాను, రెన్యువల్ వాళ్లే చేయించి ఇస్తే మూడు లక్షలకి అడుగుతాను. కమాను పట్టీ అన్న వస్తానని ఫోన్ చేశారు.

డీజిల్ మనిషి:
బండి పైకెత్తించి బ్రేక్ పైపులు ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూడు. కొత్త పెయింటు కనబడిన చోటల్లా గీకించు. నేనూ వస్తాను.